పిల్లల నడక, మందల నడక



మా సంఘమున్న ఊరి ప్రక్కగా గోస్తనీ నది పారుచున్నది. పారుచున్నదని వ్రాశాము గాని వేసవిలో అది ఒట్టి ఇసుకే. పశువులు చెలమల దగ్గర నీళ్లు త్రాగుతాయి, పిల్లలు నడి ఏటిలో క్రికెట్టు ఆడుకుంటారు. ఈ నది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి జలాశయములో నిలిచి, చివరకు భీమునిపట్నము దగ్గర సముద్రములో కలుస్తుంది. విశాఖపట్నము వారు త్రాగే నీళ్లలో కొంత భాగము ఆ తాటిపూడి నీరే. ఇదంతా మా పిల్లలకు పాఠములో తెలుసు. అయితే మొన్న ఏప్రిల్ నెలలో యౌవనస్థుల కూడికలో, “మన ఏరు సముద్రములో కలిసే చోటు మీలో ఎవరు చూచారు?” అని అడిగితే ఒక్క చెయ్యి కూడా లేవలేదు. నిజము చెప్పాలంటే మేమూ చూడలేదు.

అప్పుడు మాకు ఒక ఆలోచన తట్టినది. వేసవి సెలవులలో పిల్లలను తీసికొని ఋషికొండ నుండి భీమిలి వరకు సముద్రపు ఒడ్డున ఊరూరూ చూచుకుంటూ నడిచి వెళ్లాలి. దూరము సుమారు 16 కిలోమీటర్లు. ఒక పిల్లవాడు, “బస్సు ఉంది గదా అయ్యగారూ!” అన్నాడు. మేము వెంటనే అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయము తీశాము. పౌలు త్రోయలో తెల్లవార్లూ ప్రసంగించి, తోటివారిని ఓడలో పంపివేసి, తాను మాత్రము అస్సు వరకు కాలినడకన వెళ్లాడు. ఆ రెండు పట్టణముల చోట్లూ నేటి టర్కీ దేశపు పడమటి తీరములో ఉన్నాయి. మధ్య దూరము 30 కిలోమీటర్లకు పైమాటే. నిద్ర లేని మనిషి, సిద్ధముగా ఉన్న ఓడను విడిచి, అంత దూరము ఎందుకు నడిచాడో లూకా వ్రాయలేదు. “పౌలు గారు 30 నడిచారు, మనము 16 నడవలేమా?” అన్నాము. వాక్యము చూపించిన తరువాత ఎవరు ఎదురు చెబుతారు? మేము గెలిచాము. ఆ గెలుపు ఎంతటిదో ముందు ముందు మీరే చూస్తారు.

మే నెల రెండవ వారములో బయలుదేరాము. ఆరుగురు కుర్రవాళ్లు, నలుగురు అమ్మాయిలు, మా శ్రీమతి, మేము, వెరసి పన్నెండుగురము. విశాఖలో తెలిసిన వారి మందిరములో రాత్రి పడుకొని, తెల్లవారుజామున 5 గంటలకే ఋషికొండ దగ్గర నడక మొదలు పెట్టాలని ఏర్పాటు. అయితే ఉదయకాల ప్రార్థన మా చేతిలోనే ఉన్నది గనుక అది పొడవైనది. పిమ్మట కాఫీలు, ఫొటోలు. నడక మొదలయ్యేసరికి 7 దాటిపోయింది. ఆ రోజు చేసిన మొదటి తప్పు అది.

ఆ తీరము అందము గురించి చెప్పకపోతే అన్యాయము. ఎడమ ప్రక్క కొండలు, కుడి ప్రక్క సముద్రము, మధ్య సరుగుడు తోటలు, తాటిచెట్లు. సరుగుడు తోటలో గాలి వీస్తే దూరాన వాన వస్తున్నట్టు చప్పుడవుతుంది. తాటి ముంజలవాడు ఒకడు దారిలో కనబడితే అందరము చెట్టు క్రింద కూర్చొని తిన్నాము. మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణమొకటి ఉన్నది, ఆటు సమయములో చక్కగా బయటపడుతుంది. మా పిల్లలు దాని దగ్గర నుండి ఒక పట్టాన కదలలేదు.

పడవలన్నీ ఇసుక మీదనే ఉన్నాయి. మన తూర్పు తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలతో వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టి సంతానము పెంచుకొనే కాలము గనుక ప్రభుత్వము ఈ కట్టడి పెట్టినది. అందువలన మగవారు నీడపట్టున కూర్చొని చిరిగిన వలలు బాగుచేసుకొనుచున్నారు. మా కుర్రవాళ్లు నీళ్లలోనికి దిగబోతే అందులో ఒక పెద్దాయన వల ప్రక్కన పడవేసి లేచి వచ్చి కేకవేశాడు. పైకి నిమ్మళముగా కనబడే నీళ్లే మనిషిని లోపలికి లాగేస్తాయట. ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఒక పాయగా కూడుకొని తిరిగి సముద్రములోనికి పోతుంది. ఆ పాయలో అలలు విరగవు గనుక ఈత రాని వారికి అదే క్షేమమైన చోటుగా తోస్తుంది. దానిలో చిక్కినవాడు ఒడ్డుకు ఎదురీదితే అలసి మునిగిపోతాడు. ఒడ్డు వెంబడే ప్రక్కకు ఈది పాయ దాటితే బ్రతుకుతాడు. ఈ తీరములో సరదాగా దిగి ప్రాణము పోగొట్టుకున్న యౌవనస్థుల వార్తలు మనము తరచుగా చదువుతూనే ఉన్నాము. మా వాళ్లు బుద్ధిగా మోకాలి లోతులో ఆగిపోయారు.

అక్కడి నుండి తొట్లకొండ ఎక్కాము. రెండు వేల ఏండ్ల నాడు బౌద్ధ భిక్షువులు నివసించిన చోటది. 1970లలో నౌకాదళము వారు విమానము మీద నుండి సర్వే చేయుచుండగా ఇది బయటపడినదట. 1988 మొదలుకొని 1993 వరకు పురావస్తు శాఖ వారు త్రవ్వకములు జరిపారు. కొండరాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి గనుక ఆ పేరు వచ్చినది. ఆ కొండ మీద కాపురము పెట్టినవారు వాననీరు నిలుపుకొనే తొట్లు రాతిలో తొలుచుకున్నారు. పిల్లలకు అది చూపించి, “చూచారా, ఎంత ముందు చూపో!” అని చిన్న ప్రసంగమే చేశాము. మా ముందు చూపు మాత్రము తలకొక లీటరు సీసాతో ఆగిపోయినది.

కొండ దిగేసరికి పదిన్నర. గాలి ఆగిపోయింది. సముద్రపు ఒడ్డున చల్లగా ఉంటుందని మనము అనుకుంటాము. ఎండకు నేల త్వరగా కాగుతుంది, నీరు మెల్లగా కాగుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేచినప్పుడు సముద్రము మీది చల్లగాలి ఆ చోటికి వస్తుంది. అదే మనము ఎదురు చూచే సముద్రపు గాలి. అయితే మే నెలలో పడమటి వడగాలి బలముగా వీచే రోజులలో ఆ చల్లగాలి ఆలస్యముగా లోపలికి వస్తుంది. ఈలోగా ఒంటి మీది చెమట ఆరదు, ఒంటి వేడి తగ్గదు. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రములలో వెయ్యి మందికి పైగా చనిపోయిన సంగతి మీరు మరచియుండరు.

మేము ముందు నడుచుచున్నాము. వెనుకకు తిరిగి, “రండి, రండి, ఇంకొంచెమే!” అని కేకలు వేస్తున్నాము. ఒక చిన్న జాలరి పల్లె దగ్గరకు వచ్చేసరికి వెనుక నుండి మా శ్రీమతి అరుపు వినబడినది. పదహారేండ్ల అమ్మాయి ఒకతె ఇసుకలో కూలబడిపోయింది. ముఖము తెల్లగా పాలిపోయింది. పిక్కలు పట్టివేశాయి. వాంతి వచ్చినట్టు అవుతున్నదని అంటున్నది. పరుగున వెళ్లి ఆమె సంచి తెరచి చూచాము. సీసా నిండా నీళ్లు ఉన్నాయి. మూత కూడా తీయలేదు.

ఆ అమ్మాయి తల్లి బస్సు దగ్గరకు వచ్చి, “మీ చేతిలో పెడుతున్నాను అయ్యగారూ” అని అప్పగించి వెళ్లిన బిడ్డ. అప్పుడు మా నోట ప్రార్థన కూడా సరిగా రాలేదు.

గుమ్మములో కూర్చున్న ఒక ముసలమ్మ ఇదంతా చూచి లేచి వచ్చినది. ఒక్క మాటైనా అడుగలేదు. అమ్మాయిని మా శ్రీమతి సాయముతో తన పాకలోనికి తీసికొని వెళ్లి పడుకోబెట్టి, తడిగుడ్డతో మెడ, చేతులు తుడిచి, ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు చెంచాలతో పట్టించినది. కాసేపటికి మా శ్రీమతి బయటకు వచ్చి చెప్పిన మాట మమ్మును కొట్టినట్టయినది. ఆ పిల్ల ఉదయము నుండి చుక్క నీరు త్రాగలేదు. త్రాగితే దారిలో మరుగునకు పోవలసి వస్తుందని, అడగటానికి సిగ్గుపడి, పెదవులు తడుపుకుంటూ నడిచినది. ఆమె ఒక్కతే కాదు, మిగిలిన ముగ్గురు అమ్మాయిలూ రెండు మూడు గుక్కల కంటె ఎక్కువ త్రాగలేదు.

కుర్రవాళ్లు చెట్టు చాటుకు వెళ్లి వస్తున్నారు. మేమూ వెళ్లి వచ్చాము. అమ్మాయిల సంగతి మాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఊళ్లన్నీ లెక్క పెట్టుకున్నాము, కిలోమీటర్లు లెక్క పెట్టుకున్నాము. ఇది లెక్కలోనికి రాలేదు.

ముసలమ్మ బయటకు వచ్చి మా ముఖము చూచి, “ఆడపిల్లల్ని తీసుకొచ్చినోలు దారిలో ఓ గుమ్మం సూసుకోవాల కదేటి బాబూ? ఏ ఇంటికాడ ఆగి అడిగినా కాదంటారేటి?” అన్నది. ఆమె గొంతులో కోపము లేదు. మాకు మాత్రము తల ఎత్తి జవాబు చెప్పటానికి మాట లేకపోయినది.

ఆ ఇంట్లో పన్నెండుగురికీ చోడి అంబలి పోశారు. నంజుకోవటానికి ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. వేట లేని నెల అది. ఆ ఇంటి మగవాళ్లకు ఆ రెండు నెలలు రాబడి ఉండదు. అయినా ఆ ఎండుచేప రుచి మా పిల్లలు నేటికీ చెప్పుకుంటున్నారు. వెళ్లేటప్పుడు డబ్బు ఇవ్వబోతే ఆమె, “ఏటికి బాబూ? వేట మొదలైనాక వచ్చి సేపలు కొనుక్కోండి” అని నవ్వి చేతులు వెనుకకు పెట్టుకున్నది. ప్రొద్దున మేము ఆ పల్లెలను దూరము నుండి చూచి, “ఎంత బాగున్నాయి!” అని ఫొటోలు తీసుకున్నాము. మధ్యాహ్నము అట్టి పల్లెలోని ఒక పాకలోనే మా బిడ్డ ప్రాణము కుదుటపడినది.

సాయంత్రము 4 గంటలకు, అమ్మాయి లేచి తనకు బాగున్నదని చెప్పిన తరువాత, ఆటోలో వెళ్లిపోదామని అన్నాము. ఆమె ఒప్పుకోలేదు. “మెల్లగా నడిస్తే వస్తాను అయ్యగారూ, నది చూడాలి గదా” అన్నది. అయినను అంత జరిగిన తరువాత ఆమెను నడిపించటానికి మాకు ధైర్యము చాలలేదు. మా శ్రీమతిని తోడిచ్చి, ఆమెను ఆటోలో ముందుగా పంపాము, అచ్చము పౌలు తన వారిని ఓడలో పంపినట్టే. భీమిలిలో నది దగ్గర కలుసుకొందామని మాట. మిగిలిన అమ్మాయిలలో చిన్నదానిని ముందు నడువమన్నాము. ఆమె నడక ఎంతో అందరి నడకా అంతే. మేము అందరి వెనుక నడిచాము. గంటకొకసారి ఏదో ఒక ఇంటి ముందు ఆగి నీళ్లు త్రాగటము, అమ్మాయిలను లోపలికి పంపమని అడగటము. ఆ ముసలమ్మ చెప్పినట్టే, కాదన్న ఇల్లు ఒక్కటి కూడా లేదు.

నౌకాదళము వారి ఆవరణ ఉన్నచోట ఒడ్డు విడిచి రోడ్డు మీద నడిచాము. ఆ తరువాత ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏండ్ల నాడు పోగుపడిన ఇసుక అది. అందులోని ఇనుపధాతువు తుప్పుపట్టి ఎర్రబడినది. వాన నీరు దానిని లోయలు లోయలుగా కోసివేసినది. ఇట్టి దిబ్బలు మన దక్షిణాసియాలో ఇక్కడ గాక తమిళనాడులోను, శ్రీలంకలోను మాత్రమే ఉన్నాయని చెబుతారు. సాయంకాలపు ఎండలో అవి నిప్పువలె మెరిసినవి. సముద్రపు గాలి కూడా అప్పటికి వచ్చినది.

భీమిలి చేరేసరికి ప్రొద్దు గ్రుంకుచున్నది. 17వ శతాబ్దములోనే డచ్చి వర్తకులు వచ్చి నిలిచిన ఊరు, 1861లోనే పురపాలక సంఘమైన ఊరు. వారి పాత సమాధులను త్రోవలో చూచుకుంటూ, దీపస్తంభము దాటి, నది దగ్గరకు వెళ్లాము. ఆటోలో వచ్చినవారు అప్పటికే ఒడ్డున కూర్చొని ఉన్నారు. మా ఊరిలో ఇసుకగా కనబడే గోస్తని అక్కడ వెడల్పుగా, నిండుగా, సద్దు లేకుండా ఉన్నది. పడవలు దానిలో కట్టివేసి ఉన్నాయి. ఆ అమ్మాయి దోసిట నీళ్లు తీసి నాలుకకు తగిలించుకొని, “ఉప్పగా ఉంది!” అన్నది. అందరము నవ్వాము. మాకు మాత్రము కన్నీళ్లు వచ్చాయి.

ఇంటికి వచ్చిన మరునాడే ఆమె తల్లి దగ్గరకు మేమే వెళ్లి జరిగినదంతా దాచకుండా చెప్పాము. ఆమె కోపపడుతుందని అనుకున్నాము. ఆమె తల వంచుకొని, “ఇది క్రొత్త కాదు అయ్యగారూ. పొలము పనికి వెళ్లిన రోజు మేమూ త్రాగము. పెళ్లికి వెళ్లినా త్రాగము. ఆదివారము గుడికి వచ్చేటప్పుడు కూడా ప్రొద్దుట నుండి త్రాగము” అన్నది.

ఆదివారము గుడికి వచ్చేటప్పుడు కూడా! పాఠకులారా, ఈ మాట మాకు ఆ ఇసుకలో చూచిన ముఖము కంటె ఎక్కువ బాధ కలిగించినది. మా ఆరాధన 10 గంటలకు మొదలై ఒంటిగంట దాటుతుంది. మా మందిరమునకు ప్రహరీ గోడ ఉన్నది, క్రొత్త మైకు సెట్టు ఉన్నది, రంగులు వేసిన గేటు ఉన్నది. స్త్రీలకు మరుగుదొడ్డి లేదు. ఇన్ని సంవత్సరములు మేము ఆ బల్ల దగ్గర నిలువబడి ప్రసంగిస్తుంటే, ఎదుట చాప మీద కూర్చున్న తల్లులు, గర్భిణులు, ముసలివారు దాహముతోనే కూర్చున్నారు. నీళ్లు త్రాగకుండా ఉంటే మూత్రములో మంట, చీము, మూత్రపిండములలో రాళ్లు వస్తాయని వైద్యులు చెప్పుచున్నారు. వాళ్ల కొరకు మేము చేసిన స్వస్థత ప్రార్థనలకు లెక్క లేదు. చేయవలసిన పని మాత్రము చేయలేదు.

నడకకు ముందు మేము పౌలును చూపించాము గదా. ఇప్పుడు ఆదికాండము 33వ అధ్యాయము చదువుకొనుచున్నాము. ఏశావు తన అన్నతనముతో, కలిసి పోదాము రమ్మని పిలిచాడు. యాకోబు ఏమన్నాడు? తన పిల్లలు పసివారని, మందలో పాలిచ్చేవి ఉన్నాయని, ఒక్క దినము వడిగా తోలితే మందంతా చచ్చిపోతుందని, కాబట్టి తాను పిల్లల నడకకు, మందల నడకకు తగినట్టు మెల్లగా వస్తానని చెప్పాడు. పౌలు త్రోయ నుండి అస్సుకు ఒంటరిగా నడిచాడు. ఒంటరివాడు తన కాళ్ల బలమును చూచుకుంటే చాలును. పిల్లలు వెంట ఉన్నవాడు యాకోబు వలె నడవాలి. ఇంటి పెద్దకైనా, సంఘపు కాపరికైనా, బడి పంతులుకైనా ఇదే మాట. ముందు నడిచేవాడికి సముద్రము బాగా కనబడుతుంది, వెనుకవారి ముఖములు కనబడవు.

జూన్ నెలలో సంఘ పెద్దలు కూర్చున్నారు. మైకు సెట్టు బాకీ ఇంకా ఉన్నదని ఒకరు, వచ్చే ఏడు చూద్దామని ఒకరు అన్నారు. అప్పుడు స్త్రీల కూడిక తరఫున ఆ తల్లే లేచి మాట్లాడినది. గుడిలో ఆమె నోరు విప్పటము మేము వినుట అదే మొదటిసారి. మరుసటి సోమవారమే మందిరము వెనుక గొయ్యి త్రవ్వటము మొదలైనది. మట్టి ఎత్తినవారిలో నడకకు వచ్చిన ఆరుగురు కుర్రవాళ్లూ ఉన్నారు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి తలుపు కూడా బిగించియుంటారు.

మీరు కూడా వేసవిలో పిల్లలను ఎక్కడికైనా నడిపించి తీసికొని వెళ్లేటట్లయితే మా తప్పులు మీరు చేయవద్దు. తెల్లవారకముందే బయలుదేరండి, పదింటికల్లా నీడ చేరండి. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి వెంట పెట్టుకోండి. చెంచా అంటే కాఫీ చెంచా, తలకొట్టి కొలవాలి. తల తిరుగుట, పిక్కలు పట్టుట కనబడగానే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడవండి. చెమట ఆగి ఒళ్లు కాలిపోతున్నా, మాట తడబడినా ఆలస్యము చేయక 108కి ఫోను చేయండి. అన్నిటికంటె ముందు, దారిలో ఆడపిల్లలు ఏ గుమ్మము దగ్గర ఆగాలో మీరే అడిగి పెట్టుకోండి. వాళ్లు అడగరు.

వేట తిరిగి మొదలైన తరువాత మేము ఆ పల్లెకు మరల వెళ్లాము, ఈసారి బస్సులోనే. ముసలమ్మ దగ్గర చేపలు కొన్నాము. ఆమె బేరములో ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.